బడి వార్షికోత్సవంలో ప్రతి పిల్లకీ ఒక మాట: ఆరు వారాల్లో బుర్రకథ కట్టించే పద్ధతి

ఫిబ్రవరి వచ్చిందంటే మన బళ్ళలో వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. చాలాచోట్ల జరిగేది ఒకటే. బాగా డ్యాన్స్ చేసే పదిమందిని ఏరతారు, ఒక సినిమా పాట పెడతారు, వారం పది రోజులు స్టెప్పులు నేర్పిస్తారు. మిగతా బడంతా కింద కూర్చుని చప్పట్లు కొడుతుంది. ఆ పదిమందికి స్టేజీ భయం ముందునుంచే లేదు. స్టేజీ ఎవరికి అవసరమో వాళ్ళు ఏటా ప్రేక్షకులుగానే మిగిలిపోతున్నారు.

ఆ మిగిలిపోయిన పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న పిల్లల్లో ఓ నలభై మందితో ఇరవై నిమిషాల బుర్రకథ ఎలా కట్టించాలో వరసగా చెబుతాను. టీచర్లతో పాటు, సాయం చేయాలనుకునే తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది. పిల్లలకు ధైర్యం వచ్చేది ప్రదర్శన రాత్రి మోగే చప్పట్ల వల్ల అనుకుంటాం. నేను చూసినంతలో ఆ ధైర్యమంతా రిహార్సల్స్‌లోనే తయారవుతుంది. అందుకే ఇక్కడ కూడా ఎక్కువ భాగం రిహార్సల్స్ గురించే ఉంటుంది.

ముందు ఒక్క విషయం: ధైర్యం ఎలా వస్తుంది

'నేను చేయగలను' అనే నమ్మకం మీద మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఆ నమ్మకానికి నాలుగు దారులున్నాయన్నాడు. తానే ఒక పని చేసి గెలవడం, తనలాంటివాళ్ళు గెలవడం చూడటం, నమ్మకమున్నవాళ్ళు వెన్నుతట్టడం, గుండె దడ లాంటి వాటిని సరిగా అర్థం చేసుకోవడం. అన్నిటికన్నా బలమైనది మొదటిదే. 'నువ్వు చేయగలవు నాన్నా' అని వందసార్లు చెప్పినా, ఒక్కసారి చేయించినదానితో సమానం కాదు.

ఆశ గురించి సి. ఆర్. స్నైడర్ అనే మరో మనస్తత్వవేత్త 1990లలో చెప్పింది కూడా మనకు పనికొస్తుంది. ఆయన లెక్కలో ఆశలో మూడు భాగాలుంటాయి. చేరాల్సిన చోటు తెలియడం, అక్కడికి దారులు కనబడటం, ఆ దారిలో నడవగలననే పట్టుదల. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి వెతుక్కోగలగడం ఇందులో ముఖ్యం. కింద చెప్పే రిహార్సల్ పద్ధతులన్నీ ఈ రెండు ఆలోచనల చుట్టూ అల్లినవే.

మొదటి దశ: తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

ఫిబ్రవరి చివర్లో వార్షికోత్సవం అనుకుంటే, సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారమే పని మొదలవ్వాలి. సెలవులకు ముందు మొదలుపెడితే నేర్చుకున్నదంతా పండగలో కొట్టుకుపోతుంది. వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు చాలు. బడి విడిచాక పెడితే బస్సులో, ఆటోలో వెళ్ళే పిల్లలు రాలేరు. చివరి పీరియడ్ ఇవ్వమని హెచ్ఎం గారినీ, పీఈటీ గారినీ ముందే అడిగి పెట్టుకోండి. పదో తరగతి పిల్లలకు స్పెషల్ క్లాసులుంటాయి కాబట్టి వాళ్ళను రోజూ లాగొద్దు. అలాగని పూర్తిగా వదిలేయనూ వద్దు. ఆ రోజు వ్యాఖ్యానం, స్వాగతం వాళ్ళకు అప్పగిస్తే రెండు మూడు రిహార్సల్స్‌తో సరిపోతుంది.

రెండో దశ: బుర్రకథే ఎందుకంటే

రికార్డు పాటకు డ్యాన్స్ చేసేటప్పుడు ఒకరు అడుగు తప్పితే పాట ఆగదు. తప్పినవాళ్ళు అందరి ముందూ తప్పినట్టే కనబడతారు. బుర్రకథలో అలా కాదు. తంబుర పట్టుకుని కథ చెప్పే ప్రధాన కథకుడికి రెండు పక్కలా గుమ్మెటలు వాయించే వంతలుంటారు. ఒకరు హాస్యం పలికిస్తారు, మరొకరు వర్తమాన విషయాలు, రాజకీయం అందుకుంటారు. కథకుడు ఎక్కడ తడుముకున్నా వంత 'ఆ తర్వాత ఏమైంది గురువా?' అని అందుకోవచ్చు. 'తందాన తాన' అని ఒక చుట్టు పాడి కాస్త సమయం ఇవ్వొచ్చు. తప్పితే ఆదుకునే మనిషి ఈ కళలోనే పక్కన నిలబడి ఉంటాడు. భయపడే పిల్లలకు ఇంతకన్నా మంచి స్టేజీ నాకు తెలియదు.

షేక్ నాజర్ దీన్ని తెలుగునాట ఇంటింటి కళగా చేశారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు ఆయన గురించి చెప్పండి, దొరికితే పాత రికార్డింగులు వినిపించండి. ఒక్క షరతు: అచ్చం ఆయనలా చేయమని మాత్రం అడగొద్దు.

నలభై మందికి ముగ్గురి కళ ఎలా సరిపోతుందని అడగొచ్చు. కథను ఐదు ఘట్టాలు చేసి, ఘట్టానికో ముగ్గురు కథకుల జట్టును పెట్టండి. అక్కడికే పదిహేను మంది అవుతారు. వెనక అర్ధచంద్రాకారంలో వంతపాట బృందంగా ఇంకో పదిహేను మందిని నిలబెట్టండి. వాళ్ళలోంచే రైతు, పోస్ట్‌మాన్, సర్పంచ్, అవ్వ లాంటి వేషాలు ఒక్కో మాటతో ముందుకొచ్చి వెళ్తాయి. మిగిలినవాళ్ళు డప్పు, తెర, సామాను, మాట అందించడం చూసుకుంటారు.

కథగా అల్లూరి సీతారామరాజు లాంటి తెలిసిన కథ తీసుకోవచ్చు. నన్నడిగితే ఊరి కథ ఇంకా మంచిది. ఊరి చెరువు ఎవరు తవ్వించారు, కరువు ఏడాది ఏం జరిగింది, ఈ బడి ఎలా వచ్చింది. పిల్లలను ఇంటికి పంపి నానమ్మను, తాతయ్యను అడిగి రాసుకు రమ్మనండి. మొదటి ఆరు రోజుల్లోనే సగం కథ పోగవుతుంది. పైగా ఇంట్లో పెద్దవాళ్ళకు ప్రదర్శన మీద ఆసక్తి పుడుతుంది. ఎప్పుడూ బడి గడప తొక్కని తాత కూడా తన మాట వినబడుతుందని వస్తాడు.

యాస సంగతి దగ్గర గట్టిగా నిలబడాలి. శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళంలా, పాలమూరు పిల్లవాడు పాలమూరులా, అనంతపురం పిల్ల అనంతపురంలా మాట్లాడనివ్వండి. మైకు ముందుకు రాగానే 'సరిగ్గా మాట్లాడు' అని పుస్తకం భాషలోకి నెడితే పిల్ల గొంతు సగానికి పడిపోతుంది. ఇంటి మాట స్టేజీ మీద గౌరవంగా వినబడిన పిల్ల, తన ఇంటిని కూడా గౌరవంగానే చూసుకుంటుంది.

మూడో దశ: మొదటి వారం వేషాలు పంచొద్దు

ఎంపిక పోటీ అసలు పెట్టకండి. పోటీ పెట్టిన రోజే పిల్లలు 'నేను పనికొస్తాను', 'నేను పనికిరాను' అని రెండుగా చీలిపోతారు. ఆ వారమంతా ఆటలే. గుండ్రంగా నిలబడి ఒకరి పేరు ఒకరు పాడటం, మాట లేకుండా నడకతోనే మనిషిని చూపించడం, అందరూ కలిసి 'తందాన తాన' పలకడం.

ఉదయం ప్రార్థన సమావేశాన్ని కూడా వాడుకోండి. మన బళ్ళలో పిల్లలకు రోజూ దొరికే స్టేజీ అదే. అక్కడ చెప్పించే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఈ సంగతి చెబితే పిల్లల కళ్ళు మెరుస్తాయి. రోజూ ఒకే లీడర్‌తో చెప్పించకుండా, ఇద్దరేసి చొప్పున మార్చి మార్చి ప్రతిజ్ఞ, వార్తలు, సూక్తి చదివించండి. ఇద్దరిని కలిపి పంపడం ముఖ్యం. పక్కన తోడుంటే కాళ్ళ వణుకు తగ్గుతుంది.

ఈ వారంలో మీ అసలు పని చూడటం. ఎవరు ఎవరి పక్కన ఉంటే గొంతు విప్పుతున్నారు, ఎవరికి తాళం తెలుసు, ఎవరు అందరి మాటలూ గుర్తుపెట్టుకుంటున్నారు. ఒక నోట్‌బుక్‌లో పిల్లకో రెండు గీతలు రాసుకోండి. చివరి దాకా ఇది పనికొస్తుంది.

నాలుగో దశ: వేషాలు పంచేటప్పుడు

ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడగండి: 'నీకు ఏం చేయాలని ఉంది? అది కాకపోతే ఇంకేం ఇష్టం?' చాలామంది మొదట 'ఏదైనా పర్లేదు టీచర్' అంటారు. మర్నాడు మళ్ళీ అడగండి.

బాగా భయపడే పిల్లలను మెట్లు ఎక్కించినట్టు తీసుకెళ్ళాలి. ముందు బృందగానంలో, తర్వాత ఇద్దరు కలిసి ఒక మాట, ఆపైన ఒంటరిగా ఒక చిన్న మాట. ప్రదర్శన నాటికి రెండో మెట్టు దగ్గరే ఆగినా ఫర్వాలేదు. సురభి నాటక కుటుంబాల్లో 1885 నుంచీ తరం తర్వాత తరం స్టేజీ ఎక్కుతున్నారు. అక్కడ పిల్లలు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవకుశుల్లాంటి చిన్నపిల్లల వేషాలతో మొదలై, పెద్దవాళ్ళను రోజూ చూస్తూ పెద్ద వేషాలకు ఎదుగుతారు. మొదటి రోజే ఎవరి మీదా మొత్తం నాటకం పడదు.

కొన్ని వేషాలు గాయం చేస్తాయి. నల్లగా ఉన్న పిల్లవాడికి రాక్షసుడు, లావుగా ఉన్న పిల్లకు నవ్వించే వేషం, పేదింటి పిల్లకు పనిమనిషి, కులాన్ని బట్టి చీపురో చెప్పులో పట్టుకునే వేషం. ఇవి మనం ఆలోచించకుండానే పంచేస్తుంటాం. పిల్లలు మాత్రం ఏళ్ళ తరబడి మర్చిపోరు. వేషాల జాబితా రాశాక ఈ ఒక్క కోణంలో మళ్ళీ చదవండి. సర్పంచ్ వేషం అమ్మాయికి ఇవ్వండి. అవ్వ వేషం అబ్బాయి అడిగితే, అది ఎగతాళి కాకుండా చూసే బాధ్యత మీరు తీసుకుని ఇవ్వండి.

తెర లాగేవాళ్ళకు, డప్పు కాచేవాళ్ళకు, మాట అందించేవాళ్ళకు కూడా కరపత్రంలో పేరుండాలి. చివర్లో వాళ్ళూ స్టేజీ మీదికి వచ్చి నమస్కారం పెట్టాలి.

ఐదో దశ: గొంతు, ఆపైన తడబాటు సాధన

గొంతు సాధనకు మైకు వద్దు. మైదానంలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ తమ మాట ఒకరికొకరు చెప్పుకోమనండి. వినబడితే చెయ్యెత్తాలి. 'గట్టిగా చెప్పు' అని మీరు అరవాల్సిన పని ఉండదు.

ఒక ఏడో తరగతి అమ్మాయి దగ్గర దీని ఫలితం చూశాను. ఆమెది ఒక్కటే మాట: 'ఆ ఏడు చెరువు మత్తడి దుంకింది.' అంటే చెరువు నిండి అలుగు పారిందని. తలవంచుకుని, చున్నీ చివర వేలికి చుట్టుకుంటూ, పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా చెప్పేది. మైదానంలో ఆమె స్నేహితురాలు బోరింగు దాకా వెనక్కి వెళ్ళిపోయి చెయ్యెత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఈ అమ్మాయికి కోపం వచ్చింది. చున్నీ వదిలేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని 'మత్తడి దుంకిందే!' అని అరిచింది. అటుపక్క అందరూ ఒకేసారి చేతులెత్తారు. ఆ 'దే' ప్రదర్శనలో కూడా అలాగే ఉంచేశాం.

మూడో వారం నుంచి నేను తప్పనిసరి అనుకునే సాధన ఒకటుంది. కావాలని తప్పించడం. రోజుకో పది నిమిషాలు కేటాయించండి. ఒకరోజు కథకుడిని మధ్యలో మాట మర్చిపోయినట్టు ఆగిపొమ్మనండి. ఇంకోరోజు తంబుర దాచేయండి. మరోరోజు ఒక పాత్ర అసలు రాలేదనుకోమనండి, లేదా కరెంటు పోయిందనుకోమనండి. 'ఇప్పుడేం చేద్దాం?' అన్నది పిల్లలే తేల్చుకోవాలి. మొదటిసారి నవ్వుతారు, ఒకరినొకరు చూసుకుంటారు. రెండోసారి ఎవరో ఒకరు 'ఆగు గురువా, నీకు గుర్తులేదా? నే చెబుతా విను' అని అందుకుంటారు. స్నైడర్ చెప్పిన రెండో దారి వెతుక్కోవడం ఇదే. తప్పు జరిగితే లోకం ఆగిపోదని, పక్కనున్నవాళ్ళు చేయందిస్తారని, తానూ ఇంకొకరికి అందించగలనని ఆ పది నిమిషాల్లో ఒంటికి తెలుస్తుంది. ఉపదేశంతో అది రాదు.

ఇక్కడ ఒక నియమం పెట్టండి. తప్పినవాళ్ళను ఎవరూ వేలెత్తి చూపకూడదు, అందుకున్నవాళ్ళను మాత్రం పేరుపెట్టి మెచ్చుకోవాలి. మెచ్చుకునేటప్పుడు 'సూపర్' అని వదిలేయకండి. 'వాడు ఆగగానే నువ్వు తాళం వదలకుండా పట్టుకున్నావు, అందుకే కథ నిలబడింది' అనండి. ఏం చేసి గెలిచారో తెలిస్తేనే మళ్ళీ చేస్తారు.

ఆరో దశ: భయం గురించి పిల్లలతో మాట్లాడటం

'భయపడకు' అనే మాట పనిచేయదు. గుండె దడదడలాడుతున్న పిల్లకు అది తన తప్పులా వినిపిస్తుంది. బదులుగా, టెన్షన్ వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పించండి. కడుపులో తిప్పడం, అరచేతులకు చెమట, నోరు ఎండిపోవడం. నలభై మందిలో ముప్పై మంది అవే చెబుతారు. తనొక్కతే కాదని తెలిస్తేనే సగం బరువు దిగుతుంది.

ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగించే ముందు 'నాకు ఉత్సాహంగా ఉంది' అని చెప్పుకున్నవాళ్ళు, 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అని చెప్పుకున్నవాళ్ళకన్నా మెరుగ్గా మాట్లాడారు. అవి పెద్దవాళ్ళ మీద చేసినవి. అయినా పిల్లలతో వాడి చూడదగ్గ చిట్కానే. స్టేజీ ఎక్కే ముందు అందరూ చేతులు కలిపి 'మనం రెడీ' అనుకోవడం, ఊపిరి మెల్లగా లోపలికి తీసుకుని ఇంకా మెల్లగా వదలడం, పాదాలు రెండూ నేలకు ఆనించి నిలబడటం. వీటిని ఆఖరి రోజు చెబితే గుర్తుండవు. ప్రతి రిహార్సల్ ముందూ చేయించండి.

ఎంత చేసినా చివరి నిమిషంలో 'నా వల్ల కాదు' అనే పిల్లలుంటారు. తోయకండి. 'స్టేజీ మీద వంతల్లో నిలబడతావా, పక్కన తాళం వేస్తావా?' అని అడగండి. రెండు దారులూ ముందే సిద్ధంగా ఉంచుకోండి. బలవంతంగా ఎక్కించి ఏడిపిస్తే, ఆ ఒక్క సాయంత్రం ఎన్నేళ్ళైనా వెంటాడుతుంది.

నత్తి ఉన్న పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

నత్తి ఉన్న పిల్లల్లో చాలామందికి పాడేటప్పుడు, అందరితో కలిసి పలికేటప్పుడు తడబాటు బాగా తగ్గుతుంది. బుర్రకథలో సగం పాటే, సగం వంతే. అందుకని వాళ్ళకు ఇక్కడ చోటు సహజంగానే ఉంది. ఒంటరి వచనం వాళ్ళంతట వాళ్ళు అడిగితేనే ఇవ్వండి, ఇచ్చాక ఎంత సమయం తీసుకున్నా మధ్యలో మాట పూర్తి చేయకండి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఉంటే స్టేజీకి చెక్క ర్యాంపు వేయించండి. కుదరకపోతే కథ మొత్తాన్నీ నేల మీదే చెప్పించండి. బుర్రకథ ఊరి నడిబొడ్డున నడిచిన కళ, ఎత్తైన స్టేజీ లేకపోతే దానికేం లోటు రాదు. మండలంలో ఈ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్ ఉంటే మొదటి వారమే పిలిచి సలహా తీసుకోండి.

బట్టలు, ఖర్చు

అద్దె డ్రెస్సుల జోలికి పోకండి. ఐదు వందలు కట్టలేక 'మా అమ్మ వద్దంది టీచర్' అని తప్పుకున్న పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. నాన్న పంచె, తాత తలపాగా, అమ్మ చీర, కాళ్ళకు గజ్జెలు చాలు. గజ్జెలు లేకపోతే పాత సీసా మూతలు తాడుకు గుచ్చండి, మోత బాగానే వస్తుంది. ముఖాలకు తెల్లగా పౌడరు దట్టించొద్దు. కాటుక, బొట్టు, అవసరమైతే మీసం. అంతే.

ఏడో దశ: చిన్న ప్రేక్షకుల ముందు

ఐదో వారంలో పక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లలను పిలిచి వాళ్ళ ముందు పూర్తిగా ఆడించండి. మూడో తరగతి పిల్లలు నచ్చితే పగలబడి నవ్వుతారు, నచ్చకపోతే పక్కవాణ్ణి గిల్లుతారు. మన పిల్లలకు ఎక్కడ కథ సాగుతోందో, ఎక్కడ నిలిచిపోతోందో మనం చెప్పకుండానే అర్థమవుతుంది. తర్వాత వారం మధ్యాహ్న భోజనం వండే అమ్మలు, కొందరు తల్లిదండ్రుల ముందు మరోసారి. ఆ రోజు అద్దె మైకు తెప్పించి, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోవడం నేర్పండి.

ఆ రోజు

పిల్లలు సాయంత్రం నాలుగింటికే తయారై, ఉపన్యాసాలు ముగిసేదాకా తొమ్మిదింటి వరకు ఆకలితో కూర్చోవడం మన వార్షికోత్సవాల్లో పెద్ద లోపం. అప్పటికి సగం మంది తల్లిదండ్రులు ఇళ్ళకు వెళ్ళిపోతారు. ముఖ్య అతిథి గారిని ముందే మర్యాదగా అడగండి: 'సార్, పిల్లల కార్యక్రమం ముందు పెడతాం, మీ మాటలు తర్వాత.' చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అందరికీ ఉప్మానో పులిహోరో పెట్టించండి, మంచినీళ్ళు, టాయిలెట్ చూడండి. తెర పక్కన మాట అందించే పిల్ల చేతిలో టార్చి, రాతప్రతి ఉండాలి. మీరు మాత్రం ప్రేక్షకుల్లో కూర్చోండి. మీరు పక్కన నిలబడి పెదాలు కదుపుతుంటే పిల్లలు మీ వైపే చూస్తారు.

ఫస్ట్, సెకండ్ ప్రైజులు ఈ అంశానికి వద్దు. వీడియోలు వాట్సాప్‌లో పెట్టే ముందు తల్లిదండ్రులను అడగండి.

తర్వాతి వారం, ఆపైన

మర్నాడు కాదు, రెండు రోజులాగి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. నాలుగే ప్రశ్నలు. నువ్వు ఏం చేశావు? ఎక్కడ తడబడ్డావు? అప్పుడేం చేశావు? ఇప్పుడు ఇంకేం చేయాలనుంది? నాలుగోదానికి వచ్చే జవాబులు రాసుకోండి. 'వార్తలు నేను ఒక్కడినే చదువుతా', 'లెక్కల క్లాసులో బోర్డు దగ్గరికి వెళ్తా', 'మా చెల్లికి ఈ కథ నేర్పుతా'. పెద్ద కలలు అక్కర్లేదు, వచ్చే సోమవారం చేయగలిగింది అయితే చాలు. ఆ సోమవారం అది జరిగేలా చూడటం మీ పని. వార్తల జాబితాలో పేరు వేయండి, లెక్కల సార్‌కు ఒక మాట చెప్పండి.

ఇంకా ముందుకు వెళ్తామన్న పిల్లలకు దారులున్నాయి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్లల కోసం కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళల పోటీ, కళా ఉత్సవ్ ఉంది. కొత్తగూడెంలో మొదలై ఇతర ఊళ్ళకూ పాకిన బాలోత్సవాలున్నాయి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14 బాలల దినోత్సవం ఎలాగూ బడిలోనే ఉంటాయి. వెళ్ళేటప్పుడు బాగా చేసినవాళ్ళతో పాటు, ఈసారి తెర లాగినవాళ్ళలో ఒకరినైనా తీసుకెళ్ళండి.

మొదటి వారం తెరిచిన నోట్‌బుక్‌ను ఏప్రిల్‌లో పక్కన పడేయకండి. పిల్లకో అరపేజీ చొప్పున, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో రాసి, జూన్‌లో ఆ తరగతి తీసుకునే టీచర్ చేతికి ఇవ్వండి. 'ఈ పిల్లకు పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడుతుంది, బెంచీ మార్చేటప్పుడు చూడండి' లాంటి ఒక్క వాక్యం ఉన్నా సరిపోతుంది. కొత్త టీచర్ ఆమెను మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కించాల్సిన అవసరం రాదు.